రెండు పేర్లూ నావే!

ముందుగా మీకో చిన్న పరీక్ష!

'తమ్ముడు' (1999)లో పవన్ కళ్యాణ్ సరసన మెరిసిన ప్రీతీ ఝంగియానీ... 'దేశముదురు' (2007)లో అల్లు అర్జున్ పక్కన తొలిసారి కథానాయికగా వచ్చిన హన్సికా మోత్వానీ... అదే ఏడాది 'హ్యాపీడేస్'తో కాలేజీ కుర్రకారు నిద్ర చెడగొట్టిన తమన్నా... 'భరత్ అనే నేను' (2018)లో మహేష్‌బాబుతో జతకట్టిన కియారా అద్వానీ... ఈ నలుగురినీ కలిపే దారమేమిటో చెప్పగలరా?

"ఆఁ, ఏముందీ, నలుగురూ బొంబాయి అమ్మాయిలే!" అంటారు మీరు. సగం మార్కులే ఇస్తాను. నలుగురిలోనూ పారేది సింధీ రక్తం. అదీ అసలు జవాబు!

ఇదంతా నీకెందుకయ్యా అంటారేమో. ఎందుకంటే నేనూ సింధీవాణ్ణే కనక. అయితే నేను పుట్టి పెరిగింది బొంబాయిలో కాదు. నల్లమల కొండల పాదాల దగ్గర, ఆళ్లగడ్డకు అవతల ఉన్న రుద్రవరంలో. నా చిన్నప్పుడది కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా అయింది. జిల్లా పేరు మారినా మా అంగడి మారలేదు. బట్టల అంగడి. తాతగారు పెట్టారు, నాన్న నడిపారు, ఇప్పుడు నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాను.

నా గురించి చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. అదీ ఇక్కడే చెప్పేస్తాను, ఇంటర్వెల్ దాకా దాచి సస్పెన్స్ నడపడం నాకు రాదు. నేను గే. అంటే నా మనసు మగవాణ్ణే కోరుకుంటుంది. సింధీ అని చెప్పడానికి నాకు ఇంట్లో నేర్పారు. గే అని చెప్పడానికి నేర్పినవాళ్లు లేరు. అయినా మొదటిది నేర్చుకున్న పద్ధతిలోనే రెండోదీ నేర్చుకున్నాను. ఎలాగంటారా? అదే ఈ కథ.

హైదరాబాదు నుంచి హైదరాబాదుకి

"మీ తాతది ఏ ఊరబ్బీ?" అని అడిగితే "హైదరాబాదు" అనేవాణ్ణి బళ్లో. "ఓహో, చార్మినార్ కాడా?" అనేవాళ్లు పిల్లకాయలు. కాదు! ఆ హైదరాబాదు వేరు. అది సింధు నది ఒడ్డున ఉంది, ఇప్పుడు పాకిస్తాన్‌లో. 'షోలే' (1975) నిర్మాత జి.పి. సిప్పీ పుట్టింది ఆ హైదరాబాదులోనే. గబ్బర్ సింగుని తెరకెక్కించిన పెద్దమనిషిది మా తాత ఊరే అని చెప్పాక బళ్లో నా పరపతి కొంచెం పెరిగిందనుకోండి!

1947లో దేశం రెండైనప్పుడు పంజాబునీ, బెంగాలునీ చెరి సగం కోశారు. సింధుని మాత్రం కొయ్యలేదు, మొత్తం అటే పోయింది. పంజాబీకి ఇటువైపు ఓ పంజాబు మిగిలింది, బెంగాలీకి ఓ బెంగాలు మిగిలింది. సింధీవాడికి మిగిలింది నోట్లో ఉన్న భాష, చేతిలో ఉన్న వ్యాపారం. అంతే. 1948 జనవరి 6న కరాచీలో పెద్ద గొడవలు జరిగాక, ఉండాలనుకున్నవాళ్లు కూడా ఓడలెక్కారు. తాత కూడా అలాగే బొంబాయిలో దిగాడు. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు. కళ్యాణ్ దగ్గర మిలిటరీవాళ్లు ఖాళీ చేసిన బారకాసుల్లో శరణార్థులకు చోటిచ్చారు. 1949లో ఆ క్యాంపుకే ఉల్లాస్‌నగర్ అని పేరు పెట్టారు. అక్కణ్నుంచి తెలిసినవాళ్లని పట్టుకుని సికింద్రాబాదు, సికింద్రాబాదు నుంచి భుజాన బట్టల మూటతో నంద్యాల, నంద్యాల నుంచి సంతలు తిరుగుతూ తిరుగుతూ రుద్రవరం!

ఇక్కడే ఎందుకాగావు తాతా అంటే, "మూట బరువైంది" అనేవాడు. అసలు సంగతి దాదీ చెప్పేది. మా నానమ్మని మేం దాదీ అనేవాళ్లం, ఊరి పిల్లలు మటుకు 'సింధీ జేజి' అనేవాళ్లు. ఓ రైతు ఇంట్లో తాతకి జొన్నరొట్టె పెట్టారట. సింధులోనూ జొన్నపిండితో రొట్టె చేస్తారు. దాన్ని డోడో అంటారు. వందల మైళ్లు దాటొచ్చినా అదే రొట్టె దొరికేసరికి ఆ మనిషి మూట దించేశాడు!

"మేం మార్వాడీలం కాదబ్బా!"

ఊళ్లో అందరూ తాతని 'మార్వాడీ సేటు' అనేవాళ్లు. ఉత్తరాది ముఖంతో అంగడి పెట్టినవాడు ఎవడైనా మార్వాడీయే కదా మనవాళ్లకి! తాత ప్రతిసారీ గజంకర్ర పక్కన పెట్టి, నవ్వుతూ, "మేం మార్వాడీలం కాదబ్బా, సింధీలం" అనేవాడు. మర్నాడు అదే మనిషి వచ్చి మళ్లీ "ఏం మార్వాడీ సేటూ" అనేవాడు. తాత మళ్లీ గజంకర్ర పక్కన పెట్టేవాడు. కోపం లేదు, విసుగూ లేదు. యాభై ఏళ్లు ఇదే తంతు!

నాకు చిన్నతనంలో ఒళ్లు మండేది. "ఏమంటే ఏంలే తాతా, బేరం జరిగితే చాలు గదా" అన్నాను ఒకసారి. ఆయన తాను చుడుతూ, "మార్వాడీ అంటే మంచోళ్లే. కానీ నేను వాళ్లు కాదు గదా నాయనా. తప్పు పేరు పెట్టి పిలిస్తే పలికితివనుకో, రేపు నీ పేరే నీకు మర్చిపోతాది" అన్నాడు.

అప్పుడు నాకు పదేళ్లు. ఆ మాట దేనికి పనికొస్తుందో తెలిసే వయసు కాదు.

బళ్లో మా తెలుగు అయ్యవారు ఇంకో మేలు చేశారు. అందరి ఇంటిపేర్లూ ముందుంటే నాది వెనకుండేది, పైగా చివర 'ఆణీ' అని తోక. సింధీ ఇంటిపేర్లలో 'ఆణీ' అంటే ఫలానావారి వంశం అని. హాజరు పిలుస్తుంటే పిల్లలు నవ్వేవాళ్లు. అయ్యవారు ఓరోజు పుస్తకం మూసి, "ఎందుకురా నవ్వుతారు? ఆణి అంటే ఏంది? ఆణిముత్యం!" అన్నారు. ఆ రోజు నుంచి పదో తరగతి దాకా నేను ఆణిముత్యాన్నే. చూశారా, పిలిచే నోటిని బట్టే ఉంటుంది అంతా!

ఇంట్లో మాత్రం సింధీతనం నిత్యం పండగలాగే ఉండేది. ఉగాది నాడు ఊరందరితో పాటు పచ్చడి, ఓళిగలు. మర్నాడు చైత్ర శుద్ధ విదియ, మా చేటీచంద్. అది మా సంవత్సరాది, మా ఇష్టదైవం ఝూలేలాల్ జయంతి. పటంలో ఝూలేలాల్ ఓ చేప మీద కూర్చుని ఉంటాడు. ఆ చేప పేరు పల్లా. సముద్రంలో బతికి, గుడ్లు పెట్టడానికి సింధు నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. ఎక్కడో విన్నట్టుందా? అవునండీ, మన గోదావరి పులసే! పుస్తెలమ్మి అయినా తినాలని మీరనే ఆ చేప మీదే మా దేవుడు సవారీ చేస్తాడు.

దాదీకి సినిమాలంటే ప్రాణం. సాధన అంటే మరీనూ. కరాచీలో పుట్టి, బొంబాయికి వలస వచ్చి, 1958లో 'అబానా' అనే సింధీ చిత్రంలో వేసి, 1960లో 'లవ్ ఇన్ సిమ్లా'తో దేశంలోని ఆడపిల్లలందరి నుదుటి మీదా జుట్టు కత్తిరింపజేసిన తార! సాధన కట్ అంటే మీ అమ్మమ్మలనడగండి, చెప్తారు. "ఇల్లు పోయినోళ్ల పిల్ల, చూడు ఎట్ల నిలబడిందో" అనేది దాదీ. 1967లో సింధీ భాషని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేర్చినప్పుడు తాత అంగడికొచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచాడట. ఇప్పుడు సింధు మన దేశంలో లేదు కనక జాతీయ గీతంలోంచి ఆ పేరు తీసేయాలని ఒకరు సుప్రీంకోర్టుకెళితే, 2005లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఆనాడు మిఠాయి పంచడానికి తాత లేడు. నాన్న పంచారు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, భూమి లేకపోయినా పేరుని ఎలా నిలబెట్టుకోవాలో మా ఇంట్లో అందరికీ తెలుసు.

తెర మీద నవ్వు, కుర్చీలో నేను

ఇక రెండో పేరు సంగతి.

సినిమా చూడాలంటే ఆళ్లగడ్డకో నంద్యాలకో బస్సెక్కడమే. 2001లో 'నరసింహనాయుడు' వచ్చింది. నాకు పదకొండేళ్లు. మా సీమ కథ! బాలకృష్ణ మీసం మీద చెయ్యేస్తే హాలు అదిరిపోయేది. ప్రీతీ ఝంగియానీని చూపించి "మన సింధీ పిల్ల!" అంది దాదీ నా చెవిలో. నేను తలూపాను. మన పిల్లేనని సంతోషంగానే ఉంది. కానీ నా కళ్లు తెర మీద ఇంకోవైపు ఉన్నాయి. అంతే, అప్పటికి అంతకుమించి తెలీదు. తోటి కుర్రాళ్లు కథానాయికల బొమ్మలు నోటు పుస్తకాల్లో దాచుకుంటే, నేను కథానాయకుల బొమ్మలు దాచుకునేవాణ్ణి. "వీరాభిమాని" అనుకునేవాళ్లు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను కొన్నాళ్లు!

తర్వాత తెలుగు సినిమాల్లో ఒక కామెడీ పాత్ర విరివిగా రాసాగింది. మీరూ చూసే ఉంటారు. మణికట్టు వంచుకుని, నడుం తిప్పుకుంటూ, హీరో మీద వాలబోయే పాత్ర. హీరో ఎగిరి దూకుతాడు, పక్కన కమెడియన్ "వీడు తేడా రోయ్" అంటాడు, హాలంతా గొల్లున నవ్వుతుంది. ఏ సినిమా అని అడక్కండి, ఒకటా రెండా! పక్క కుర్చీలో స్నేహితుడు నా తొడ మీద చరిచి మరీ నవ్వేవాడు. ఆ నవ్వులో నేను కలవాలి. కలవకపోతే అనుమానం. చీకట్లో పళ్లు కనిపించేలా నోరు తెరిచి కూర్చోవడం ఎంత కష్టమో, ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది.

తాతని 'మార్వాడీ' అన్నప్పుడు ఆయన పక్కన ఆయన భార్య ఉంది, పిల్లలున్నారు, పటంలో దేవుడున్నాడు, రొట్టెకో పేరుంది. నన్ను 'తేడా' అన్నప్పుడు నా పక్కన ఎవరున్నారు? ఆ మాట కాదని సరిదిద్దడానికి అసలు మాటేమిటో కూడా తెలీదు నాకు. సింధీ పిల్లాడు సింధీ ఇంట్లో పుడతాడు. గే పిల్లాడు గే ఇంట్లో పుట్టడు. అక్కడే వచ్చింది చిక్కు.

మాట దొరికింది వార్తల్లో. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్లిద్దరు ఇష్టపడి కలిస్తే నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి, మళ్లీ నేరమే అంది. నాలుగేళ్లు మనిషినై, మళ్లీ నేరస్థుణ్ణయ్యాను. మధ్యలో నేను చేసిందేమీ లేదు, రోజూ పొద్దున్నే అంగడి తలుపు తీయడం తప్ప! 1860 నాటి తెల్లవాడి చట్టం, 377వ సెక్షను. సింధునించి మమ్మల్ని తరిమింది ఒక గీత అయితే, ఇది ఇంకో గీత.

టైటిల్స్‌లో ఒక ఇంటిపేరు

2016లో 'అలీగఢ్' అనే హిందీ చిత్రం వచ్చింది. హన్సల్ మెహతా దర్శకుడు. మనోజ్ బాజ్‌పాయ్ కథానాయకుడు. 'ప్రేమకథ', 'హ్యాపీ', 'వేదం' చూసిన మనకు కొత్త మొహం కాదు. అది నిజంగా జరిగిన కథ. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ సిరాస్. 2010లో ఆయన ఇంట్లోకి కెమెరాతో చొరబడి, ఆయన ఓ మగవాడితో ఉండగా పట్టుకున్నారు. ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. అలహాబాదు హైకోర్టు ఆయనకి అనుకూలంగా చెప్పింది. చెప్పిన కొద్దిరోజులకే ఆయన తన గదిలో చనిపోయి కనిపించారు.

నన్ను పట్టి కుదిపింది ఏమిటో తెలుసా? ఆ ఊరి భాష వేరు, ఆయన భాష వేరు. మాటలోనూ ఒంటరే, మనసులోనూ ఒంటరే. రెండు ఒంటరితనాలు ఒక్క మనిషిలో! గదిలో ఒక్కడే కూర్చుని లతా మంగేష్కర్ పాట వింటూ మనోజ్ బాజ్‌పాయ్ అలా కళ్లు మూసుకునే దృశ్యం చూసి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను.

ఆ తర్వాత రచయిత పేరు కోసం వెతికాను. అపూర్వ ఆస్రానీ. 'ఆణీ'! మా తోకే! 'షోలే'లో జైలరు వేసిన ఆస్రానీ ఇంటిపేరే ఇది, పక్కా సింధీ ఇంటిపేరు. వివరాలు చదివితే ఇంకో ఆశ్చర్యం. మన రామ్‌గోపాల్ వర్మ 1998లో తీసిన 'సత్య'కి ఎడిటర్లలో ఒకడు ఇతనే. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, ఫిలింఫేర్ అవార్డు కూడా వచ్చింది. నాన్న 'సత్య'ని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు! ఇంతకన్నా పెద్ద సంగతి: తాను గే అని అతను దాచుకోలేదు.

ఒకే మనిషి. ఒకే పేరులో ఆ ఇంటిపేరూ ఉంది, ఈ మనసూ ఉంది. నా రెండు పేర్లు పక్కపక్కన అచ్చై కనిపించడం అదే మొదటిసారి. సినిమా అభిమానులు తారలకు ఉత్తరాలు రాస్తారు గదా, నేనూ ఆ రాత్రి ఎడిటరుకో ఉత్తరం రాసుకున్నాను. పోస్టు చెయ్యలేదు, దాచుకున్నాను.

2020లో అతను ఇంకో సంగతి బయటపెట్టాడు. ఇల్లు అద్దెకివ్వరని తానూ, తనవాడూ పదమూడేళ్లు కజిన్లమని చెప్పుకుని బతికామనీ, ఇప్పుడు సొంత ఇల్లు కొనుక్కున్నామనీ. చదివి నవ్వొచ్చింది, కడుపులో తిప్పింది కూడా. నా జీవితంలోనూ ఒక మనిషి ఉన్నాడు. కోయిలకుంట్ల వైపువాడు. తెలుగువాడే. ఊళ్లో అతన్ని 'సేటు వాళ్లబ్బాయి ఫ్రెండు' అంటారు.

నాన్న అడిగిన ప్రశ్న

2018 సెప్టెంబరు 6. సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు ఒక్కమాటగా, ఇష్టపడ్డ పెద్దల ప్రేమ నేరం కాదన్నారు. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి. సికింద్రాబాదు సింధీ కాలనీ నుంచీ, ఉల్లాస్‌నగర్ నుంచీ సంబంధాలు వస్తున్నాయి. ఫొటోలు అంగడి బల్ల మీద పరుచుకుంటున్నాయి. ఇక ఆగలేదు. ఓ రాత్రి అంగడి మూశాక, నాన్నకీ, అమ్మకీ, దాదీకీ సింధీలోనే చెప్పాను. సింధీలో గేకి సరైన మాట నాకు తెలీదు. "నాకు పిల్ల వద్దు. నా మనసు మగవాడి మీదే పోతాది. చిన్నప్పట్నుంచీ ఇంతే" అని చెప్పాను.

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న చాలాసేపు లెక్కల పుస్తకం కేసే చూశారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించింది కాదు. పరువు గురించి కాదు, ఊరు గురించి కాదు.

"నీ తర్వాత ఈ ఇంట్లో సింధీ ఎవరు మాట్లాడతారు?"

నిజం చెప్పొద్దూ, ఎవరేం తిట్టినా అంత తగిలేది కాదు. ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. సంఖ్యలో ఉన్నవాళ్లకి ఒక కొడుకు పెళ్లాడకపోతే ఒక ఇంటి దిగులు. రాష్ట్రం లేని జాతికి అది భాష దిగులు. ఓడలో తెచ్చిన ఒకే ఒక సామాను, దాన్ని నా దగ్గర దించి పోతున్నారు వాళ్లు. నేను ఎవరికివ్వాలి?

దాదీ మంచం మీంచే అంది, "ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నాం. ఇప్పుడు ఇంట్లో పిల్లోణ్ణి గూడా పోగొట్టుకుంటామా? నిద్రపోండి ఇంక."

దాదీ మాటతో నేను ఇంట్లోనే ఉన్నాను. కానీ నాన్న ప్రశ్న అలాగే ఉంది. మూడు నెలలు ఆయన నాతో బేరం మాటలే మాట్లాడారు. "ఆ తాను తియ్", "చిల్లర ఉందా", అంతే.

జవాబు కూడా దాదీ దగ్గరే దొరికింది. ఆవిడ పడుకునేముందు పాడుకునేది షా అబ్దుల్ లతీఫ్ పదాలు. సింధీకి ఆయన ఎంతటివాడో చెప్పాలంటే, తెలుగుకి పోతననీ అన్నమయ్యనీ కలిపి ఊహించుకోండి. ముస్లిం సూఫీ, కానీ హిందూ సింధీ ఇళ్లలోనూ ఆయన పదాలే. 1752లో పోయారు. ఆయన కావ్యంలో ఎక్కువగా మాట్లాడేది ఆడవాళ్లే. మగకవి ప్రియురాలి గొంతుతో పలవరిస్తాడు. మన అన్నమయ్య, క్షేత్రయ్య చేసింది అదే కదా! వాళ్లని ఎవరూ 'తేడా' అనలేదు, చేతులెత్తి మొక్కారు.

అందులో మారుయీ కథ దాదీకి ఇష్టం. ఉమర్‌కోట రాజు ఆ పల్లెపిల్లని ఎత్తుకుపోయి, పట్టుచీరలిస్తానంటాడు. ఆ పిల్ల తన ఊరి ముతక కంబళి విప్పదు. నా జాతి గుడ్డ ఇదే, ఇదే కట్టుకుంటానంటుంది. బట్టల అంగడివాడి మనవణ్ణి గదా, ఆ కథ నా ఒంటికి అతుక్కుపోయింది. పెళ్లి అనే పట్టుబట్ట ఎంత మెరిసినా, నా కొలతకి కుట్టింది కాదు అది.

ఓ రోజు మధ్యాహ్నం, బేరాల్లేనప్పుడు, నాన్నతో అన్నాను. "నాన్నా, షా లతీఫ్‌కి పిల్లలు ఎంతమంది?"

ఆయన తలెత్తారు. ఆయనకి తెలుసు. లతీఫ్‌కి సంతానం లేదు.

"మరి రెండువందల అరవై ఏళ్ల తర్వాత రుద్రవరంలో ఆయన మాట ఎవరు మాట్లాడుతున్నారు?"

నాన్న ఏమీ అనలేదు. కానీ ఆ వారం నంద్యాల నుంచి అక్క కూతురొస్తే, "మామ కాడ కూర్చోని సింధీ నేర్చుకోపో" అని పంపారు. అప్పటికి ఆ పిల్లకి ఆరేళ్లు. సింధీలో నాలుగు శబ్దాలున్నాయి, గాలి బయటికి వదులుతూ కాదు, లోపలికి లాక్కుంటూ పలకాలి. తెలుగు అక్షరాల్లో అవి ఇమడవు. ఆ పిల్ల నెలరోజులు ఎక్కిళ్లొచ్చినట్టు సాధన చేసి, నాలుగూ పట్టేసింది. ఇప్పుడు నాకే తప్పులు దిద్దుతోంది!

పెళ్లిపిలుపుకి బయల్దేరే దేవుడు

ఊరేమంది అని మీకు ఆత్రంగా ఉండొచ్చు. ఊరంటే ఒక నోరు కాదు. కొందరు గుసగుసలాడారు, ఒకరిద్దరు అంగడి మారారు. ఎక్కువమంది "మనకెందుకులే, సేటు గుడ్డ మంచిది" అన్నారు. మా ప్రాంతం గురించి మీకో మాట చెప్పాలి. అహోబిలం మాకు దగ్గరే. అక్కడి నరసింహస్వామి అడవిలో చెంచుపిల్లని ప్రేమించి పెళ్లాడాడు. అక్కినేని, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి' (1958) మీ తాతలు చూసే ఉంటారు. ఏటా కనుమ నుంచి నలభై రోజులకు పైగా ఆ స్వామి పల్లకిలో పల్లె పల్లె తిరుగుతాడు. పారువేట అంటారు. తన పెళ్లికి రమ్మని స్వయంగా పిలవడానికి వస్తాడని మా వైపు నమ్మకం. కులం చూడని పెళ్లి చేసుకుని, ఇంటింటికీ వచ్చి పిలిచే దేవుడున్న నేల మాది. ఇక్కడ ప్రేమని పూర్తిగా పరాయిదంటే నేనొప్పుకోను.

పిలుపులంటే గుర్తొచ్చింది. 2021 డిసెంబరులో వికారాబాదు దగ్గర సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు హైదరాబాదు అబ్బాయిలు బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. ఒకరు బెంగాలీ, ఇంకొకరు పంజాబీ, కాపురం మన హైదరాబాదులో. తమ పెళ్లికి చట్టం గుర్తింపు కావాలని 2022లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. దేశం మొత్తానికి ఆ కేసు వాళ్ల పేరు మీదే నడిచింది. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు తానివ్వలేనంది, శాసనసభల పని అంది. ఓడిపోయారా? నా లెక్కలో కాదు. తాత కూడా చాలాసార్లు ఓడిపోయాడు, మర్నాడు మళ్లీ "మార్వాడీ కాదబ్బా" అన్నాడు.

సినిమాలూ మెల్లగా మారుతున్నాయి. 2018లో మన తెలుగులోనే ప్రశాంత్ వర్మ 'అ!'లో నిత్యా మీనన్, ఈషా రెబ్బా ప్రేమికులుగా కనిపించారు, ఎగతాళి లేకుండా. 2023లో మమ్ముట్టి అంతటి నటుడు 'కాథల్'లో గే పాత్ర వేశాడు. మీసం పోలేదు, అభిమానులూ పోలేదు! మన తెలుగు అగ్రహీరో ఎప్పుడు వేస్తాడా అని ఎదురు చూస్తున్నాను. ఫస్ట్ డే ఫస్ట్ షో టికెట్టు నాదే.

ఇంక అసలు సంగతి. పోయినేడాది ఓ సంబంధాల పెద్దావిడ సికింద్రాబాదు నుంచి ఫోను చేసింది. నాన్నే ఎత్తారు. అంగడిలో నలుగురు బేరగాళ్లున్నారు. ఆవిడ ఏదో ఒక పిల్ల గురించి చెప్తోంది. నాన్న గజంకర్ర పక్కన పెట్టారు. "కాదమ్మా. మావాడికి పిల్లని చూడొద్దు. మావాడు గే" అన్నారు. కోపం లేదు, విసుగూ లేదు. అచ్చం తాత గొంతే. తర్వాత గజంకర్ర తీసుకుని, "ఆఁ, ఎన్ని మీటర్లన్నారు?" అని అడిగారు బేరగాణ్ణి.

కోయిలకుంట్ల మనిషి ఇప్పుడు చేటీచంద్‌కి మా ఇంట్లో దర్జాగా భోంచేస్తాడు. డోడో అతనికి జొన్నరొట్టెలాగే ఉందట, కొత్తేముందని వెక్కిరిస్తాడు. అతనొచ్చినప్పుడు నాన్న గుమ్మంలో "భలీ కరే ఆయా" అంటారు. సింధీలో అది 'మీ రాక మంచిదైంది' అని స్వాగతం.

మిత్రులారా, ఈ పేజీ చదివేవాళ్లలో నాలాంటివాళ్లూ ఉంటారు. కడపలోనో కాకినాడలోనో హాల్లో చీకట్లో నోరు తెరిచి ఉత్తుత్తి నవ్వు నవ్వేవాళ్లు. మీకు నేను చెప్పేది తాత మాటే, తప్పు పేరుకి పలక్కండి. ఇప్పుడే అరిచి చెప్పనక్కర్లేదు, అంగడి మూశాక ఓ రాత్రి చూసుకుని చెప్పొచ్చు. ముందు మీలో మీరైనా సరైన పేరుతో పిలుచుకోండి. మిగతావాళ్లకి నాదో చిన్న విన్నపం, పక్క కుర్చీవాడు నవ్వకపోతే తొడ మీద చరచకండి.

ఎప్పుడైనా అహోబిలం వస్తే అటునుంచి మా రుద్రవరం కూడా రండి. డోడో, పుదీనా చట్నీ, సింధీ అప్పడం పెడతాను. అంగడి కనుక్కోవడం సులువే. కాకపోతే "మార్వాడీ సేటు అంగడి ఎక్కడ?" అని మాత్రం అడక్కండేం!